మస్టరు పడలేదంటే జవాబుదారీ ఎవరు?

గౌరవనీయులైన పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి శాఖ కమిషనర్ గారికి, తాడేపల్లి కమిషనరేట్‌లో ఉపాధి హామీ పనులు చూసే అధికారులందరికీ,

మీ కమిషనరేట్ ఉన్న తాడేపల్లిలోనే నేనూ ఉంటున్నాను. ఈ ఉత్తరం నేరుగా మీ చేతికే ఇవ్వవచ్చు. కానీ విషయం పల్నాడు నుంచి ప్రకాశం దాకా పార పట్టే లక్షల మందిది. అందుకే అందరి ముందూ అడుగుతున్నాను. పనికి వచ్చిన మనిషిని ఫోన్ గుర్తుపడితేనే వచ్చినట్టు, లేకపోతే రానట్టు లెక్కగట్టే హాజరు పద్ధతిని మీరు నడుపుతున్నారు. దాన్ని నేను ఒప్పుకోలేను. పొద్దున్నే చెరువుకు చేరి, మట్టి తవ్వి, తట్ట మోసి, కొలత పూర్తి చేసిన ఆడమనిషికి "నీకు మస్టరు పడలేదమ్మా" అని చెప్పే అధికారం ఒక యాప్‌కు ఎవరిచ్చారు? ఆ మాట విన్నాక ఆమె ఎవరిని అడగాలి? మేటును అడిగితే ఫోన్ చూపిస్తాడు. ఫీల్డ్ అసిస్టెంట్ మండలాఫీసుకు వెళ్లమంటాడు. మండలంలో కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లు సర్వర్ తమ చేతుల్లో లేదంటారు. ఆ సర్వర్ ఢిల్లీది. 2025–26 లెక్కన ఒక రోజు కూలి 307 రూపాయల కోసం బొల్లాపల్లి మండలం మనిషి ఢిల్లీని ఎలా నిలదీయాలో మీరే చెప్పండి.

దొంగ మస్టర్లను అరికట్టడానికే ఇదంతా అని మీరంటారు. దొంగ మస్టర్లు లేవని నేననను. చనిపోయినవాళ్ల పేర్ల మీద కూలి డ్రా అయింది. రాత్రిపూట పొక్లెయిన్‌తో తవ్విన కుంటకు పగటి కూలీల పేర్లు రాసుకున్నారు. సామాజిక తనిఖీల్లో ఇలాంటివి ఎన్నో బయటపడ్డాయి. అయితే ఆ పేర్లు రాసిందెవరు? కొలతల పుస్తకంలో అంకె వేసిందెవరు? బిల్లు మీద సంతకం పెట్టిందెవరు? మస్టరు పుస్తకం ఏనాడూ కూలీ చేతిలో లేదు, కలమూ ఆమె చేతిలో లేదు. మరి దొంగను పట్టడానికి తెచ్చిన కెమెరా ఆమె ముఖం మీదికే ఎందుకు తిరిగింది?

ఈ కెమెరా వచ్చిన దారి మీకు తెలియనిది కాదు. 2021 మేలో కేంద్రం నేషనల్ మొబైల్ మానిటరింగ్ సిస్టమ్ అనే యాప్ తెచ్చింది. 2022 మే నుంచి 20 మంది, ఆపైన కూలీలున్న పనులకు తప్పనిసరి చేసింది. 2023 జనవరి 1 నుంచి వ్యక్తిగత లబ్ధిదారుల పనులు తప్ప అన్నిటికీ అదే హాజరు పట్టీ అయింది. రోజుకు రెండు ఫొటోలు, మొదటిదానికీ రెండోదానికీ నడుమ 4 గంటలు. ఇలా చేస్తే దొంగ హాజరు ఆగుతుందన్నారు. ఆగిందా? 2025 జులై 8న కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసిన ఉత్తరం మీ ఫైళ్లలో ఉంది. పనితో సంబంధం లేని ఫొటోలు పెడుతున్నారనీ, ఫొటోను ఫొటో తీసి పెడుతున్నారనీ, ఒకే మనుషులు పలు మస్టర్లలో కనపడుతున్నారనీ, ఫొటోలో ఆడవాళ్లుంటే మస్టరులో మగవాళ్లున్నారనీ, మధ్యాహ్నం ఫొటో అసలు లేనే లేదనీ అందులో ఒప్పుకున్నారు. ఒప్పుకుని ఏం చేశారు? పంచాయతీ స్థాయిలో ప్రతి ఫొటోనూ మనిషే కూర్చుని చూడాలని ఆదేశించారు. అంటే నాలుగేళ్ల తర్వాత, మనిషి చూడకుండా యంత్రం మాత్రమే మోసాన్ని పట్టలేదని ప్రభుత్వమే తేల్చింది. అక్కడ ఆగి ఆలోచించాల్సింది. ఆలోచించకుండా ఆ ఏడాదే ఆధార్‌తో ఈకేవైసీ చేయించి, అందులోని ముఖాన్నీ పని దగ్గరి ముఖాన్నీ ఫోన్‌లో సరిపోల్చే ఏర్పాటుకు దిగారు.

యంత్రం మారితే మోసం మారువేషం వేస్తుంది తప్ప పోదని మనకు హైదరాబాద్ ముందే చూపించింది. అక్కడి మహానగర పాలక సంస్థలో పారిశుద్ధ్య కార్మికులకు వేలిముద్రల హాజరు పెట్టారు. కొందరు సూపర్‌వైజర్లు కృత్రిమ వేలిముద్రలు తయారు చేయించి, రానివాళ్లకు హాజరు వేసి జీతాలు కాజేశారు. పోలీసు కేసులయ్యాయి. తర్వాత ముఖ గుర్తింపు వచ్చింది. పొద్దున నాలుగింటికి చీపురు పట్టిన మనిషి వేలు అరిగిపోయి ముద్ర పడక ఇబ్బంది పడుతుంటే, అసలు లేని మనిషి వేలిముద్ర మాత్రం చక్కగా పడింది. ఈ పాఠం మీరు చదవలేదని నేననుకోను. చదివీ అదే దారిలో వెళ్లడమే నాకు అర్థం కాదు.

ఇంకో ప్రశ్న అడుగుతాను, దీనికి జవాబు మీ టెక్నికల్ అసిస్టెంట్లయినా చెప్పగలరు. మన రాష్ట్రంలో ఉపాధి కూలి దేన్ని బట్టి ఇస్తున్నారు? తవ్విన మట్టిని బట్టి. పొడవు, వెడల్పు, లోతు కొలిచి, నేల మెత్తనా గట్టిదా చూసి కట్టిన కూలి అది. 307 అన్నది అందరికీ అందే అంకె కాదు, కొలత తగ్గితే కూలి తగ్గుతుంది. కొలతకు కూలి కట్టే చోట మనిషి నాలుగు గంటలు అక్కడే కూర్చున్నారా అన్న లెక్కతో ఏం పని? రోజు కూలి ఇచ్చేట్టయితే గంటలు చూడండి, కొలత వదిలేయండి. కొలతకిచ్చేట్టయితే కొలత చూడండి, గంటలు వదిలేయండి. రెండు తాళ్లూ ఒకే మెడకు వేయడం ఏ న్యాయం?

ఆ నాలుగు గంటల సంగతి పల్నాడు ఎండలో ఉంచి చూడండి. రెంటచింతల ఎండ ఎలాంటిదో వాతావరణ శాఖ అంకెలు చెబుతాయి. అందుకే వేసవిలో కూలీలు తెల్లవారకముందే బయల్దేరి ఆరింటికల్లా పార వేస్తారు. ఆరింటికి మొదటి ఫొటో పడితే పదింటికి రెండోది తీయించుకుని ఇంటికి పోవచ్చు. టవర్ అందక, సర్వర్ తిరుగుతూ ఉండిపోయి, ఎనిమిదిన్నరకు మొదటి ఫొటో పడితే? రెండోది పన్నెండున్నరకు. పని తొమ్మిదిన్నరకే అయిపోయినా పిల్లతల్లి, అరవై ఏళ్ల ముసలమ్మ ఆ ఎండలో తుమ్మచెట్టు నీడ వెతుక్కుంటూ ఫోన్ కోసం కూర్చోవాలి. ఇంతకుముందు మన రాష్ట్రంలో వేసవి భత్యం ఉండేది. ఏప్రిల్, మే నెలల్లో 30 శాతం తక్కువ పని చేసినా పూర్తి కూలి కట్టేవారు. ఎండను లెక్కలోకి తీసుకున్న ఆ దయ మన సొంత సాఫ్ట్‌వేర్ వదిలి కేంద్ర సాఫ్ట్‌వేర్‌లోకి మారాక కనపడకుండా పోయింది. ఎండ తగ్గిందా, లేక ఆ గడి కొత్త ప్రోగ్రాములో పెట్టడం ఎవరికీ పట్టలేదా?

ఇదే కూలీలు మిర్చి కోతలకు వెళ్తారు, పత్తి తీయడానికి వెళ్తారు, గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో కాయకు తొడిమలు తీస్తారు. పత్తి తీతకు కిలోకింత. తొడిమ తీసినందుకూ తూకాన్ని బట్టే. ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎన్నిసార్లు నీళ్లు తాగడానికి లేచారు అని ఫొటో తీసేవారు లేరు. సాయంత్రం కాటా పెడతారు. ముల్లు అందరికీ కనపడుతుంది. తేడా అనిపిస్తే "ఇంకోసారి పెట్టు మేస్త్రీ" అని కూలీ అక్కడే అడుగుతుంది. పక్కనున్న నలుగురూ వంత పాడతారు. అక్కడ మోసం లేదని కాదు, తరుగు పేరుతో కోసేవాళ్లు ఉన్నారు, పైకం ఆలస్యం చేసేవాళ్లున్నారు. అయినా తన కష్టం ఎంతని రాశారో ఆ పూటే తన కళ్లతో చూసుకుని, కాదంటే కాదనే వీలు ఆ ఆడమనిషికి ఉంది. ప్రైవేటు ఆసామి పొలంలో ఉన్న ఆ వీలు ప్రభుత్వం పెట్టిన పనిలో లేకపోవడం మీకు సబబుగా అనిపిస్తోందా? మీ ఫోన్‌లో పడ్డ ఫొటో ఆమెకు కనపడదు. దాని పక్కన ఏం రాశారో తెలియదు. ఖాతాలో డబ్బు పడనప్పుడే తెలుస్తుంది, వారాల తర్వాత.

పని అడిగినవాడిని అనుమానించడం ఈ నేలకు కొత్త కాదు. 1876–78 ధాత కరువులో మద్రాసు రాజధానిలో కరువు పనులు పెట్టారు. నిజంగా ఆకలైనవాడెవడో తేల్చడానికి అప్పటి దొరలు దూరపు పరీక్ష అనేదొకటి కనిపెట్టారు. పని ఇంటికి పది మైళ్ల అవతల ఉండాలి. అంత దూరం నడిచి వచ్చి అక్కడే పడి ఉంటేనే వాడు నిజమైన ఆకలిగొన్నవాడు. పస్తులతో కదల్లేనివాడు ఆ పరీక్షలో ఓడిపోయేవాడు, అంటే ఎవరికి పని ఎక్కువ అవసరమో వాళ్లకే అది అందేది కాదు. పైగా 1877లో వైస్రాయ్ ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలని కత్తిరించాడు.

ఆ కథను ఇప్పుడు మీ ముందు ఎందుకు పెడుతున్నానంటే, అందులో ఇద్దరు మనుషులున్నారు. ఒకరు మీలాగే కమిషనర్. మద్రాసు రాజధాని శానిటరీ కమిషనర్ డబ్ల్యు. ఆర్. కార్నిష్. పై నుంచి వచ్చిన ఆజ్ఞ కదా అని ఆయన తల వంచలేదు. కష్టం చేసే మనిషిని ఆ పౌను ధాన్యం బతికించదని వైద్యుడిగా తనకు తెలిసిన లెక్కలన్నీ చూపిస్తూ ప్రభుత్వానికి రాశాడు. వాదం సాగింది. ఆ ఏడాదిలోనే మద్రాసు ప్రభుత్వం కూలి పెంచాల్సి వచ్చింది. అప్పటికే ఎందరో పోయారు, నిజమే. కానీ ఒక అధికారి తన కుర్చీలో కూర్చునే, తన పై అధికారి లెక్క తప్పని కాగితం మీద పెట్టగలిగాడు. పరాయి పాలనలో, మనకు ఓటు లేని కాలంలో. మీకు ఆ పాటి వీలు లేదా?

రెండోవారు ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ. కరువు శిబిరాల్లో జనం పడుతున్న పాట్లు చూసి, బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని తానే కాంట్రాక్టుకు తీసుకున్నాడు. పనివాళ్లలో ఎక్కువమంది మాదిగలు. వాళ్ల మీద పర్యవేక్షణకు పెట్టినవారు తన మిషన్‌లోని తెలుగు బోధకులే, అంటే ఆ కూలీల ఊళ్లు, పేర్లు తెలిసినవాళ్లు. మతం విషయంలో క్లౌ చేసినదాని మీద ఎవరి అభిప్రాయం వాళ్లకుండవచ్చు, నేనిక్కడ దాని జోలికి పోవడం లేదు. పేరు పెట్టి పిలవగలిగిన మనిషి హాజరు చూసుకున్న చోట పని సాగింది, తవ్వకం పూర్తయింది. ఈ రోజుకీ ఏ ఊళ్లో చూసినా, పనికి ఎవరొచ్చారో ఎవరు రాలేదో ఆ గుంపులోని వాళ్లందరికీ తెలుసు. మన రాష్ట్రం ఉపాధి కూలీలను గుంపులుగా చేర్చి శ్రమశక్తి సంఘాలు కట్టింది కూడా ఆ పరిచయాన్ని నమ్మే కదా?

ఉపాధి హామీ చట్టం తెచ్చిన పెద్ద మార్పు ఏమిటంటే, అనుమానాన్ని తిరగేసింది. పని అడిగేవాడు తన ఆకలిని రుజువు చేసుకోనక్కర్లేదు, పని ఇవ్వలేని ప్రభుత్వమే సంజాయిషీ చెప్పుకోవాలి. మస్టరు రోలు మీద కూడా ఆ చట్టానికి ముందు ఒక పోరాటముంది. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 నుంచి జన సున్వాయిలు, అంటే బహిరంగ విచారణలు పెట్టి, మస్టర్లలోని పేర్లను ఊరి మధ్య బిగ్గరగా చదివించింది. రాని పేరు, చేయని పని అక్కడికక్కడే తేలిపోయేవి. ఆ మస్టర్ల నకలు అడిగిన పోరాటమే పెరిగి పెరిగి 2005 నాటి సమాచార హక్కు చట్టానికి దారి తీసింది. హాజరు పట్టీ అనేది అప్పటిదాకా పైవాడు కిందివాడి మీద పెట్టిన కన్ను. ఆ కూలీలు దాన్ని తిప్పి పైవాడి మీద పెట్టారు.

ఆ తర్వాతి అధ్యాయం మనది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఈ పథకం మొదలైంది. సామాజిక తనిఖీకి 2009లో ప్రత్యేక సంస్థ పెట్టింది మన రాష్ట్రం. ఊరి యువకులే మస్టర్లు చేతబట్టుకుని ఇంటింటికీ వెళ్లి "నీకు ఇన్ని రోజులని రాశారు, నిజమేనా?" అని అడిగారు. కూలీలకు పే స్లిప్పులిచ్చారు. దేశమంతా వచ్చి మన దగ్గర చూసి నేర్చుకుని వెళ్లింది. ఇరవై ఏళ్లు గడిచేసరికి ఆ మస్టరు మళ్లీ కూలీ కంటికి కనపడని చోటికి వెళ్లిపోయింది. ఈ వెనకడుగు మీ కమిషనరేట్ కళ్ల ముందే జరిగింది. మీలో కొందరు ఆ తొలినాళ్ల తనిఖీ సభల్లో వేదిక మీద కూర్చున్నవారే అయ్యుంటారు. వారికి ఇది బాధగా లేదా?

ఇక ఈకేవైసీ సంగతి. 2025 అక్టోబరు 10 నుంచి నవంబరు 14 మధ్య దేశంలో దాదాపు 27 లక్షల మంది కూలీల పేర్లు జాబితాల నుంచి తొలగిపోయాయనీ, అందులో 15 లక్షలకు పైగా ఒక్క ఆంధ్రప్రదేశ్‌వేననీ లిబ్‌టెక్ ఇండియా పరిశోధకులు లెక్క తేల్చారు. ఈకేవైసీలో దేశానికి ముందున్న రాష్ట్రమూ మనదే. ఈ రెంటికీ సంబంధం లేదని కేంద్రం అంటోంది. సరే, సంబంధం లేదనే అనుకుందాం. అప్పుడు ఐదు వారాల్లో అంతమంది ఎలా పోయారో చెప్పాల్సిన బాధ్యత మీదే అవుతుంది. వాళ్లలో చనిపోయిందెందరు? ఊరు వదిలిందెందరు? ఇంటి దగ్గరే ఉండి, వేలు పడక, ముఖం పడక, ఆధార్‌లో పేరు ఒకలా జాబ్ కార్డులో ఒకలా ఉండి పోయినవాళ్లెందరు? పేరు తీసేసే ముందు గ్రామసభలో చదివారా? యర్రగొండపాలెం, దోర్నాల వైపు నల్లమల గూడేల్లోని చెంచులకు ఆ తొలగింపు సంగతి ఎవరు చెప్పారు?

డబ్బు లెక్కొకటి చూపిస్తాను. ఇన్నాళ్లూ ఉన్న ఉపాధి హామీ చట్టం ప్రకారం పదిహేను రోజుల్లో కూలి పడకపోతే, పదహారో రోజు నుంచి రోజుకు 0.05 శాతం పరిహారం ఇవ్వాలి. ఆరు రోజుల పూర్తి కూలి 1,842 రూపాయలు. ప్రభుత్వం ఆలస్యం చేసిన ప్రతి రోజుకూ కూలీకి రావాల్సింది 92 పైసలు. అదే ఫోన్ ఒక పూట మొరాయిస్తే కూలీకి పోయేది రోజంతటి కష్టం. ప్రభుత్వం తప్పు చేస్తే పైసల్లో, యంత్రం తప్పు చేస్తే వందల్లో! ఆ వందలు కూడా తప్పు చేయని మనిషి కొంగు నుంచే. ఈ లెక్కను రాసిన చేతులు ఒక్కసారైనా ఆ కొంగు ముడి విప్పి చూశాయా?

యాప్ పనిచేయని అసాధారణ పరిస్థితిలో చేతి మస్టరును అనుమతించే వీలు ఉందని మీరు గుర్తుచేస్తారు. ఉంది. ఆ అధికారం జిల్లా ప్రోగ్రాం కోఆర్డినేటర్‌కు, అంటే కలెక్టర్‌కు. దోర్నాల గూడెంలో ఫోన్ పట్టుకుని రాయెక్కి సిగ్నల్ వెతుకుతున్న మేటు, పదో తరగతి చదివిన పిల్ల, కలెక్టర్ ఉత్తర్వు తెచ్చుకోవాలన్నమాట. నిబంధన కాగితం మీద ఉన్నా పని దగ్గరికి నడిచి రాకపోతే అది ఎవరికోసం రాసినట్టు?

ఇది ఒక్క ఉపాధి కూలీలతో ఆగే వ్యవహారం కాదని మన రాష్ట్రంలో ప్రతి ఉద్యోగికీ తెలుసు. 2022 ఆగస్టు 16 నుంచి ఉపాధ్యాయులకు ముఖ గుర్తింపు హాజరు పెట్టారు. సొంత ఫోన్‌లో వేయలేమని వాళ్లు ఎదురు తిరిగారు, సంఘాలు మంత్రితో కూర్చున్నాయి, గడువులు పొడిగించుకున్నాయి. 2023 జనవరి నుంచి మిగిలిన ఉద్యోగులకూ అదే వచ్చింది. ఉపాధ్యాయుల అభ్యంతరాల్లో న్యాయముందని నేననుకుంటాను. అయితే వాళ్లకు సంఘం ఉంది, సర్వీసు రూల్సు ఉన్నాయి, ఒక రోజు ముఖం పడకపోతే వివరణ రాసుకునే కాగితం ఉంది. కూలీకి ఏముంది? మన తాడేపల్లినే తీసుకోండి. 2021లో చుట్టుపక్కల పంచాయతీలు మంగళగిరి–తాడేపల్లి నగరపాలక సంస్థలో కలిశాక, గ్రామీణ ప్రాంతాలకే పరిమితమైన ఉపాధి పని ఈ ఊళ్ల కూలీలకు లేకుండా పోయింది. ఉండవల్లి, పెనుమాక పొలాల్లో కూలికి పోయినవాళ్ల పిల్లలు ఇప్పుడు అవుట్‌సోర్సింగ్‌లో చీపురు పడుతున్నారు, అపార్ట్‌మెంట్ల దగ్గర కాపలా ఉంటున్నారు. ఎక్కడికి పోయినా ముందు ముఖం చూపించమంటున్నారు. హాజరు పడలేదని కోసిన రోజుకు లెక్క చూపించేవారే ఎక్కడా లేరు.

యాప్ కేంద్రానిది, మేమేం చేయగలం అని అంటారేమో. 2025 డిసెంబరులో పార్లమెంటు పాత చట్టం స్థానంలో వీబీ–జీ రామ్ జీ చట్టం చేసింది. పని దినాలు 100 నుంచి 125 అన్నారు, వ్యవసాయ పనులు ముమ్మరంగా ఉన్న కాలంలో 60 రోజుల దాకా పని ఆపవచ్చన్నారు, బయోమెట్రిక్ గుర్తింపును చట్టంలోకే ఎక్కించారు. ఖర్చులో 40 శాతం రాష్ట్రం మోయాలి. నూటికి నలభై రూపాయలు పెట్టే రాష్ట్రానికి హాజరు ఎలా తీసుకోవాలో చెప్పే నోరు లేదా? పాత పద్ధతిలో కూలి డబ్బంతా కేంద్రానిదే, అప్పుడు మౌనంగా ఉన్నారంటే ఏదో ఒక సాకు ఉంది. ఇప్పుడా డబ్బులో మిర్చి రైతు కట్టిన పన్నూ, పత్తి కూలీ కొన్న సబ్బు మీద పన్నూ ఉంది. కొత్త పద్ధతికి రాష్ట్రం నియమాలు రాసుకునే ఈ సమయం దాటితే, మళ్లీ ఇరవై ఏళ్లు ఇదే నడుస్తుంది.

నేను కోరేది యాప్‌ను కృష్ణలో పారేయమని కాదు. ఫొటో తీసుకోండి. కానీ ఫొటో పడలేదన్న ఒక్క కారణంతో కూలి ఆపకండి. పని దగ్గర కాగితం మస్టరు ఉంచండి, రోజు చివర మేటు దాన్ని గుంపు మధ్య చదవాలి, కూలీ తన పేరు పక్కన సంతకమో వేలిముద్రో వేయాలి. యాప్ ఒకటి, మస్టరు ఒకటి చెబితే, కొలత చూసి తేల్చండి. గుంత అబద్ధం చెప్పదు. చేతి మస్టరును ఒప్పుకునే అధికారాన్ని కలెక్టరు బల్ల మీద నుంచి మండలానికి దించండి, 24 గంటల్లో తేల్చమని గడువు పెట్టండి. పే స్లిప్పు మళ్లీ ఇవ్వండి, ఎన్ని రోజులు హాజరు పడింది, ఏ రోజు పడలేదు, ఎందుకు పడలేదు అన్నది తెలుగులో, పెద్దక్షరాల్లో ఉండాలి. సిగ్నల్ లేని పంచాయతీల జాబితా మీరే ప్రకటించి, అక్కడ ఫోన్ హాజరును ఆపండి. తొలగించిన ప్రతి పేరునూ గ్రామసభలో చదివి, బతికి ఉండి పని అడిగిన ప్రతి మనిషినీ అదే రోజు తిరిగి చేర్చండి. వేసవి భత్యాన్ని తిరిగి తెండి. ఇందులో ఒక్కటైనా మన రాష్ట్రానికి చేతకాని పనా?

చివరగా ఒక సమాచారం అడుగుతున్నాను, ఇవ్వడానికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు. 2023 జనవరి 1 నుంచి ఇప్పటిదాకా గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో ఏ పంచాయతీలో, ఏ రోజున, ఎంతమందికి యాప్‌లో హాజరు పడక కూలి ఆగింది? వాళ్లలో ఎంతమందికి తర్వాత చెల్లించారు? ఈ లెక్క మీ కంప్యూటర్లలో ఉండి తీరాలి. దాన్ని పంచాయతీల వారీగా ఏ తేదీన బయటపెడతారో చెప్పండి.

ఇట్లు,
తాడేపల్లి వాసి ఒకరు